నూనె మానేసిన ఇల్లు

చినబాబుకి వేపుడు లేని కూడు కూడే కాదు. అలాంటివాడి ఇంట్లో నూనె డబ్బా అటకెక్కి నెల దాటింది.

అంతా కూతురు రజని మూలంగానే. ఆ పిల్ల బెంగళూరులో హెలికాప్టర్ గేరుబాక్సుల మీద పరిశోధన చేస్తోంది. గాల్లో ఉండగా నూనంతా కారిపోయినా గేర్లు బిగుసుకుని పట్టేయకుండా అరగంట తిరగాలి. ఆ అరగంటలో పైలటు ఎక్కడో ఒకచోట క్షేమంగా దిగుతాడు. అందుకని గేరు పళ్ళకి కొత్త పూత వేసి చూస్తోంది. మొదటి పరీక్షలో సగంలోనే గేర్లు పట్టేశాయి. సెలవులకి, హిందీ దేశంలో అమ్మానాన్నలుండే రుఆబాంధా ఉక్కు మిల్లు క్వార్టరుకి వచ్చి, "ఇంకోసారి పోతే ఈ పనే మానేస్తాను," అని ఒకటే ఏడుపు.

అంతే, చినబాబు భార్య నూకమ్మ పైడితల్లమ్మకి మొక్కేసుకుంది. కూతురి గేర్లు నూనె లేకుండా తిరిగేదాకా ఇంట్లో నూనె చుక్క వాడదట!

"గేర్లు మానితే మనవెందుకే మానాల?" లబోదిబోమన్నాడు చినబాబు.

"ఇనుమునే ఓర్సుకోమంతన్నాం. నువ్వోర్సుకోలేవేటి?"

పాపం, మిల్లులో క్రేను నడిపి రిటైరైన మనిషి ఉడకబెట్టిన వంకాయ ముందు చతికిలబడ్డాడు. కూతురంటే ప్రాణం గనక నోరు మూసుకున్నాడు. కానీ నాలుక ఊరుకుంటుందా? సరిగ్గా రెండో పరీక్ష రోజే మార్కెట్‌కి వెళ్ళి, వేడివేడి సమోసాలు రెండు లాగించేశాడు. మూతి తుడుచుకుని బుద్ధిమంతుడిలా ఇంటికొచ్చాడు.

సాయంత్రం పక్కింటి సత్యలక్ష్మి కేకేసింది. "బాబాయ్, రజని ఫోను!"

"నాన్నా, ఫిర్ సే జామ్ అయిపోయింది, మళ్ళీ పట్టేసింది. కొంచెంలో పోయింది." పిల్ల ఏడ్చేసింది.

"తప్పు నాదేనమ్మా! పొద్దున్న సమోసాలు తినీసినాను," అనేశాడు చినబాబు, వెనకాలే నూకమ్మ ఉందన్న సంగతే మరిచిపోయి.

అవతల పకపకా నవ్వు. ఏడుస్తూనే నవ్వింది పిచ్చిపిల్ల. "సమోసాతో గేర్లు ఆగుతాయా నాన్నా? పూత ఊడింది, బస్, అంతే. అగ్లే మహీనే, వచ్చే నెలలోనే మళ్ళీ చేస్తాను."

"మానెయ్యవు గదా?"

"మానను."

ఇంటికొచ్చాక నూకమ్మ దులిపేస్తుందనుకున్నాడు. ఆవిడేమో స్టూలెక్కి డబ్బా దించింది. "మొక్కు నాది. ఈ వయసులో నీకేటి కర్మ? బెండకాయలు ఏపుతాను, తిను."

చినబాబు డబ్బా లాక్కుని మళ్ళీ అటక మీద పెట్టేశాడు. "పిల్ల మాననంది. నేనేనా ఆగలేనిది? ఉడకబెట్టీ," అన్నాడు. "ఉప్పు మాత్తరం కూసింత ఎక్కువెయ్యే."