కోడి ఒకరిది, కాకి ఒకరిది

పేరేసంద్ర పక్క పల్లెలో మునివెంకటమ్మ నాటుకోళ్ళు రెండు రోజుల్లో పద్నాలుగు చచ్చినాయి. దొడ్డి వెనకాల రెండు కాకులు కూడా పడినాయి. పశువుల ఆస్పత్రి కాంపౌండరు లక్ష్మణప్ప ఇరవై ఆరేళ్ళుగా కోళ్ళ చావులు చూస్తున్నాడు గానీ, కాకులతో కలిసి చావడం ఎప్పుడూ చూడలేదు. మాస్కు, గ్లౌజులు తొడుక్కుని, ఒక కోడినీ ఒక కాకినీ కవర్లలో గట్టిగా చుట్టి ఐసు డబ్బాలో పెట్టినాడు.

"డాక్టరు యాడుండాడప్పా?" అనడిగింది ముసలి మునివెంకటమ్మ.

"చిక్కబళ్ళాపురంలో. ఇట్లాంటి రోగాలు మనుషులకి అంటుకోకుండా దేశాలూ సర్కారు ఇలాఖాలూ ఎట్లా కలిసి పనిచెయ్యాలో మాట్లాడతాండారు."

"అట్లైతే మంచిదే కదప్పా. అందరికీ ఒకేసారి చెప్పు."

నిజమేననుకున్నాడు లక్ష్మణప్ప. ఆ దినం అతను చేసిన తప్పు అదొక్కటే.

చిక్కబళ్ళాపురంలో ఆ సభ జరిగే హోటల్ హాల్లో చలిపుట్టే ఏసీ. గోడ నిండా బ్యానరు, మూడు దేశాల జెండాలు. పక్క గదిలోంచి చికెన్ బిర్యానీ వాసన. లక్ష్మణప్పని చేతులు కడుక్కునే చోట నిలబెట్టినారు. అతని డాక్టరు పరుగున వచ్చి, "ఈడికెందుకు తెచ్చినావప్పా, అతిథులుండారు" అని గొణిగినాడు.

పశువుల ఇలాఖా పెద్దాఫీసరు డబ్బా వైపు దూరం నుంచే చూసినాడు. "కోడి మాదే. కాకి అడవి వాళ్ళది. రెండూ ఒకే డబ్బాలో పెడితే ఎట్లా తీసుకునేది?"

అడవి ఆఫీసరు నవ్వినాడు. "కాకి ఊళ్ళో తిరిగే పక్షి సార్. మాకేం సంబంధం?"

ఆరోగ్య ఇలాఖా ఆయన మాత్రం పద్ధతిగా అడిగినాడు. "ఎవరికైనా జ్వరమొచ్చిందా? రాలేదు కదా. వచ్చినాక చెప్పు."

ఇంతలో ఒక విదేశీ నిపుణురాలు వచ్చి, విషయం తెలుసుకుని తెగ సంతోషపడింది. తమ పథకం పల్లె దాకా చేరిందనడానికి ఇదే సాక్ష్యమంది. లక్ష్మణప్ప పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. "ఇదిప్పుడు ఎక్కడికి పోతుంది?" అని కూడా అడిగింది పాపం. "ప్రాసెస్‌లో ఉండాది మేడమ్" అన్నాడొక ఆఫీసరు. ఆ మాటతో ఆమె కడుపు నిండింది. అందరూ భోజనానికి పోయినారు.

ఐసు కరిగిపోతాంది. లక్ష్మణప్ప దోవలో మళ్ళీ ఐసు కొని నింపి, డబ్బాని బండికి కట్టుకుని బెంగళూరు ల్యాబుకు పోయినాడు. పైవారి సంతకం లేని కాగితం చెల్లదన్నారు అక్కడ. చివరికి నేత్ర అనే టెక్నీషియను, "నా పేరు రాసుకోండి, నేను తీసుకుంటాను" అని లోపలికి పట్టుకుపోయింది.

ఊళ్ళో మునివెంకటమ్మ ఎవరి ఉత్తరువు కోసమూ కాచుకోలేదు. లక్ష్మణప్ప చెప్పినట్లే లోతుగా గుంత తీయించి, సున్నం చల్లి కోళ్ళని పూడ్పించింది. పక్కింటి గోపాలప్ప, తన ఇంట్లో మిగిలిన కోళ్ళైనా అమ్ముకుందామని చింతామణి సంతకి గంప ఎత్తితే, దోవకి అడ్డం నిలబడింది.

"నువ్వు బస్సెక్కితే రోగం కూడా ఎక్కుతాది. గంప దించప్పా."

ఆయన తిట్టుకుంటూనే దించినాడు. నాలుగు రోజులకి ఆ కోళ్ళూ గుంతలోకే పోయినాయి. లక్ష్మణప్ప దినామూ వచ్చి రెండిళ్ళ వాళ్ళకీ జ్వరం చూసి పోతుండినాడు. ఎవరికీ రాలేదు.

తొమ్మిదో దినం రిపోర్టు వచ్చింది. పక్షి జ్వరమే, అంటే బర్డ్ ఫ్లూ. పదకొండో దినం మూడు జీపుల్లో మూడు ఇలాఖాల వాళ్ళు తెల్ల సూట్లు తొడుక్కుని దిగినారు. చంపడానికి ఒక్క కోడి లేదు. ఖాళీ గూటి ముందర ఎవరు మధ్యలో నిలబడాలని కాసేపు తర్జనభర్జన పడి, ఫోటో తీసుకున్నారు.

"అందరి సమన్వయంతో రోగాన్ని ఆపినామమ్మా" అన్నాడు డాక్టరు.

మునివెంకటమ్మ జీపుల వైపు చూసింది. "సమన్వయమంటే ఎవురప్పా వీళ్ళలో? ఆయప్ప ఇన్ని దినాలు యాడుండాడు?"

లక్ష్మణప్ప నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

మరుసటి వారం అతనికి నోటీసు వచ్చింది: పైవారి అనుమతి లేకుండా శాంపిలు ఎందుకు తీసుకుపోయినావో మూడు దినాల్లో జవాబివ్వాలని. అతను ఒకే వాక్యం రాసి, కింద సంతకం పెట్టి పంపినాడు.

"పైవారందరూ భోజనంలో ఉండినందున."