నాలుగు దెబ్బల భాష

నేను ఒక కంప్యూటర్ భాషను. బ్యాంకుల్ని నడిపే భాషో, రాకెట్లను ఎగరేసే భాషో అనుకునేరు; నాతో ఏ పనీ జరగదు. సరదాకి పుట్టిన భాషల జాతి మాది. మాలో ఒకదాన్ని ఉత్త ఖాళీలతోనే రాస్తారు. ఇంకొకటి ‘దయచేసి’ అని బతిమాలకపోతే పలకదు. పనికొచ్చే భాషలు అన్ని ఉండగా మనుషులు మమ్మల్నెందుకు పుట్టిస్తారో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

నన్ను పుట్టించింది పద్మలత. సామర్లకోటలో పెళ్లిళ్లకు డోలు వాయించే గంగరాజు కూతురు. ఇంజనీరింగ్ చదువుతూ, సెలవుల్లో తండ్రి శిష్యులకు చెప్పే తొలిపాఠం విని, అందులోని నాలుగు దెబ్బలతో నన్ను అల్లింది. ‘త’ అంటే తర్వాతి అక్షరానికి జరుగు. ‘ది’ అంటే ఆ అక్షరం చూపించు. ‘తొం’కీ ‘నం’కీ మధ్య ఉన్నదాన్ని మళ్లీ మళ్లీ చెయ్యి. వెనక్కి జరగడం తెలియదు, చివరి అక్షరం దాటితే మళ్లీ ‘అ’ దగ్గరికే వస్తాను; గుణింతం రాదు. అంతే నా చదువు.

“దీంతో అన్నం ఉడుకుద్దా అమ్మాయ్?” అన్నాడు గంగరాజు.

“ఉడకదు నాన్నా.”

“మరింకేం, వాయిద్దాం పట్టు.”

ఆయన వాయించడం, ఆమె ఆ దెబ్బల్ని టైపు చేయడం. భార్య కనక పేరు తెరమీదికి రావడానికి ఒక పూట పట్టింది. ఆవిడ చూసి, “పిలిస్తే పలుకుతాను కదా, దానికింత బాదుడెందుకు?” అంది. హాస్టల్లో పద్మలత స్నేహితులు నాతో ‘వడ’ అని రాసి ముగించేసరికి క్యాంటీన్‌లో వడలు అయిపోయేవి.

ఆ వేసవిలో ఒక పెళ్లిపందిట్లో గంగరాజు కూలిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక నోరు తెరిస్తే గాలే వచ్చేది. ఆయనకేం కావాలో తెలియక ఇంట్లోవాళ్లు తలలు పట్టుకుంటుంటే, గోడవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు.

ఒక ఉదయం కనక ఇడ్లీ తినిపిస్తుండగా ఆయన ఎడమచెయ్యి స్టీలు పళ్లెం మీద కదిలింది. అరచేత్తో ఒకటి, వేళ్లతో రెండు, అంచుమీద ఒకటి. మళ్లీ అదే వరస.

పద్మలత గుమ్మంలో ఆగి విన్నది. “అమ్మా, ఉండు. నాన్న ఏదో రాస్తున్నాడు.”

కంప్యూటర్ తెచ్చి టైపు చేసింది: తొం, ది, త, నం.

నేను అందుకున్నాను. ‘అ’ వచ్చింది. ‘ఆ’ వచ్చింది. ఇ, ఈ, ఉ, ఊ... ఒక్కో తాళానికి ఒక్కో అక్షరం చొప్పున వర్ణమాల బారులు తీరింది. ఒక్క అక్షరం పలకలేని మనిషి అక్షరాలన్నిటినీ నాలుగు దెబ్బల్లో పిలిచాడు. ఒక్కో మాట కోసం పూటలు పూటలు తంటాలు పడ్డ పద్మలతకి ఈ సంగతి తట్టనే లేదు. నాలో ఇంత ఉందని నాకూ తెలియదు.

గంగరాజు తెరనే చూస్తున్నాడు. ‘మ’ వచ్చినప్పుడు ఆయన రెండు పెదవులూ కలిశాయి.

“మ్...”

కనక పళ్లెం కింద పెట్టేసింది. “ఏమయ్యా, ఇంకోసారి అను.”

ఈలోగా ‘మ’ వెళ్లిపోయింది. పద్మలత నన్ను ఆపబోయింది. గంగరాజు తల అడ్డంగా ఊపాడు. నేను ‘ఱ’ దాకా వెళ్లి, చుట్టు తిరిగి ‘అ’ దగ్గరికి వచ్చాను. అప్పటికే ఆయన నోరు తెరుచుకుని ఉంది.