ఇయ్యాల ఏం తిన్నరు?

"ఆ అద్దాల దిక్కు పోకు కొడుకా. బాంబు పడకున్నా సప్పుడుకే పగుల్తయంట."

ఫోన్‌లో నేనన్న మాటకు జితేందర్ నవ్వాడు. అప్పటికి అక్కడ ఏమీ కాలేదు. పక్క దేశాల్లో యుద్ధం మొదలైందని టీవీలో చెప్పారు, అంతే. గల్ఫ్‌లో నా కొడుకు పనిచేసే హోటల్‌కు వీధి వైపు గోడంతా అద్దమే. ఫోటోలో చూసినప్పటి నుంచీ కళ్లు మూస్తే అదే పగులుతోంది.

కొత్తకోటలో హైవే మీద మాదీ చిన్న టిఫిన్ హోటలే. ఏడో తరగతితో చదువు ఆపేసిన నాకు యుద్ధాల సంగతి ఏం తెలుస్తుంది? తినేవాళ్ల సంగతి మాత్రం తెలుసు. ఆ యుద్ధంతో గ్యాస్ బండలు రావడం ఆగిపోయాక దోశ పెనం దించేశాం. కట్టెల పొయ్యి మీద ఉప్మా, పులిహోర, అంతే. ఇదివరకు కాళ్లు చాపుకుని కబుర్లాడే లారీ డ్రైవర్లు ఇప్పుడు నిలబడే తింటున్నారు. డీజిల్ అయిపోతుందేమోనని చూపంతా బంకు మీదే.

"ఏందక్కా, రోజూ ఉప్మానేనా? పెండ్లాం మీద అలిగి వస్తే ఈడ గూడ గదేనా!" అన్నాడు రోజూ ఆగే డ్రైవర్ జాఫర్.

"బండ తెచ్చియ్యి, దోశ పోస్త."

జితేందర్ ఎప్పుడు మాట్లాడినా "అంత మంచిగనే ఉందమ్మా" అనేవాడు. అందుకని బాగున్నావా అని అడగడం మానేశాను. "ఇయ్యాల మీ కాడ ఏం తిన్నరు?" అని అడిగేదాన్ని. దానికి అబద్ధం చెప్పాలని వాడికి తోచలేదు.

మొదట వచ్చినవాళ్లంతా బిర్యానీలే తింటున్నారన్నాడు. తర్వాత అందరూ పార్సిళ్లు తీసుకుపోతున్నారన్నాడు. ఆ తర్వాత కూర్చునే నలుగురూ అద్దం పక్క బల్లలు వదిలేసి వంటగది గోడ దగ్గరే చోటు అడుగుతున్నారట. ఒకరోజు, "రొట్టెలు, నీళ్ల సీసాలే పోతున్నయి. కూరలు ఎవ్వరు అడుగుతలేరు," అన్నాడు.

"తొవ్వల తినేటియే కొంటున్నరంటే ఊరిడిసి పోతున్నరు కొడుకా. నువ్వు గూడ వచ్చెయ్యి."

"మా హోటల్ సేటును అడుగుత," అని పెట్టేశాడు.

"రొట్టె కొన్నా నీకు చావే కనపడ్తదా? పోరన్ని పరేషాన్ చెయ్యకు," అని విసుక్కున్నాడు మా ఆయన భీమన్న.

మర్నాడు వాడి ఫోన్ రాలేదు. నేను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. పొయ్యి మీద ఉప్మా మాడిన సంగతి జాఫర్ చెప్పేదాకా నాకు తెలియలేదు. భీమన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తానే చేశాడు. ఒకసారి కాదు.

చివరికి అటువైపు ఎత్తారు, భీమన్న స్పీకర్ పెట్టాడు. ప్లేట్ల చప్పుడు లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అది నా కొడుకుదే.

"జితేందర్! ఇయ్యాల ఏం తిన్నరు?"

నేను ఫోన్ మీదికి వంగాను.

"సేటు ఏమన్నడు? ఎప్పుడొస్తున్నవ్? చెప్పు కొడుకా."

జాఫర్ ప్లేటు కింద పెట్టి నిలబడిపోయాడు. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఫోన్ పెట్టేశాడేమోనని భీమన్న రెండుసార్లు తెర చూశాడు. పెట్టలేదు.

"ఎవ్వరు రాలేదమ్మా," అన్నాడు జితేందర్. "సేటు గూడ ఎల్లిపోయిండు. మా పాస్‌పోర్టులు ఆయన కాడనే ఉన్నయి."