అట్ట మాత్రమే ఉన్న పుస్తకం

బగీలా రెండో నవలకు అట్ట తయారైంది. షింకెంట్ ఊరంతా పోస్టర్లు పడ్డాయి. నూట ఎనభై మందికి పిలుపులు వెళ్ళాయి, విందుకు గుర్రం మాంసం కూడా వచ్చేసింది. ఇక రావాల్సిందల్లా ఆఖరి అధ్యాయం.

శనివారం మధ్యాహ్నం రెండింటికి ఆవిష్కరణ. సోమవారం ఉదయం తొమ్మిదికల్లా రాతప్రతి మొత్తం అచ్చాఫీసుకు చేరాలి. చేరకపోతే ఆ యంత్రాల మీదికి క్యాలెండర్లు ఎక్కుతాయి. ఈ ఏడాది జాబితాలోంచి జారిన పుస్తకాన్ని మళ్ళీ ఎక్కించేది లేదని ప్రచురణ సంస్థవాళ్ళు ముందే తేల్చి చెప్పారు. ఏడేళ్ళ రాత. మిగిలింది పన్నెండు పేజీలు. నవలలో స్టేషన్ మాస్టరు భార్య రైలెక్కుతుందా, ఇంటికి తిరిగిపోతుందా అన్నది తేలాలి. ఆ మనిషి పాపం మూడు నెలలుగా ప్లాట్‌ఫారం మీదే పెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

ఆ మూడు నెలలూ ఎక్కడికి పోయాయంటే, జనెర్కెనే అడగాలి. ప్రచురణ సంస్థలో ప్రచారం పని చూసే పిల్ల. మనిషి మంచిదే, ఫోను చేతిలోంచి దించదు, అంతే.

"రాయడం ఎవరైనా రాస్తారక్కా. జనానికి కనబడాలి," అనేది.

రోజూ పదింటికి లైవ్ పెట్టించింది. ఆ వేళకే ఆడవాళ్ళు ఫోన్లు చూస్తారట. బగీలా రాసుకునేదీ ఆ వేళకే. భర్త లారీ వేసుకుని సరిహద్దులు దాటిపోయి, అత్తగారు ఎండబెట్టిన పెరుగుండలు అమ్మడానికి బజారుకెళ్ళాక, పది నుంచి పన్నెండు దాకా ఇల్లు ఆమెదయ్యేది. ఇప్పుడు ఆ రెండు గంటలూ తను ఎలా రాస్తుందో జనానికి వివరిస్తూ గడిపింది. పన్నెండున్నరకి ఆకలేసేది, ఇంకేముంది.

అత్తగారు ఒరిన్‌కుల్ మరీను. బజారులో తన కొట్టు ముందు కోడలి ఫోటో వేలాడదీసింది. "కిలో తీసుకో, మా కోడలి సంతకం పెట్టిస్తా," అని అమ్మేది. చివరికి ఎండబెట్టిన పెరుగుండలున్న సంచుల మీద కూడా బగీలా సంతకాలు పెట్టింది.

శనివారం పొద్దున ఆరింటికి, మూడు నెలల తరవాత, బుర్రలో ఆ నవల రైలు కూత వినబడింది. బగీలా లేచి టీ అయినా తాగకుండా నోటుపుస్తకం తెరిచింది. నాలుగు పేజీలు కదిలాయి. స్టేషన్ మాస్టరు భార్య పెట్టె కింద పెట్టి, మళ్ళీ ఎత్తింది. అప్పుడు తలుపు చప్పుడైంది. జుట్టు వంకీలు తిప్పే యంత్రంతో జనెర్కె.

"అర్ధగంట ఆగవే," అంది బగీలా, పెన్ను ఆపకుండా.

"అర్ధగంటలో నీ జుట్టు ఒక పక్కే అవుతుందక్కా. కూర్చో."

కూర్చుంది. వంకీలు తిరిగాయి, రైలు వెళ్ళిపోయింది.

హాల్లోకి అడుగు పెట్టేదాకా బగీలాకు అసలు సంగతి తెలియదు. వేదిక మీద నేల పొడుగునా తెల్ల గుడ్డ పరిచి, దాని మీద బల్ల వేసి ఆమె పుస్తకం నిలబెట్టారు. నల్లదారం, తెల్లదారం కలిపి అత్తగారు పేనిన తాడు దాని చుట్టూ కట్టి ఉంది. అడుగులు నేర్చే బిడ్డ కాళ్ళకు అలాంటి తాడే కట్టి, మంచి నడకున్న పెద్దమనిషి చేత కోయిస్తారు. తుసావ్‌కెసెర్ అంటారు. పుస్తకం విడుదలకూ అదే పేరు, అదే తాడు.

"లోపల ఏముందే?" బగీలా గొంతు తగ్గించి అడిగింది.

"తెల్ల కాగితాలు. ఎవరు తెరుస్తారక్కా? తాడు కోస్తారు, పైకెత్తి చూపిస్తారు, తినడానికి లేస్తారు. మనవాళ్ళ సంగతి నీకు తెలీదా?"

తెలుసు. తాడు కోయడానికి వచ్చిన పెద్దమనిషి సంగతి కూడా తెలుసు. సగిందిక్ మాస్టారు. బడిలో ఆమెకు చదువు చెప్పిన మనిషి, ఎనభై ఒకటో ఏట కూడా మేకు దిగినట్టు నిటారుగా నడుస్తాడు. ఏ పుస్తకం చేతికిచ్చినా ఆఖరి పేజీ ముందు చదివే అలవాటు. "ముగింపు తెలియని వాడితో బండెక్కను," అనేవాడు క్లాసులో.

మాస్టారు కత్తెర పుచ్చుకున్నాడు. వందన్నర ఫోన్లు పైకి లేచాయి. ఆయన తాడు వంక చూశాడు, పుస్తకం వంక చూశాడు, కత్తెర చంకలో పెట్టుకుని తాడు పక్కకు జరిపి వెనక అట్ట తెరిచాడు. ఒక కాగితం తిప్పాడు. ఇంకొకటి. పది కలిపి తిప్పాడు.

అన్నీ తెల్లగానే ఉన్నాయి.

"అచ్చులో పొరపాటు మాస్టారూ!" అంటూ జనెర్కె ఒక్క గెంతు గెంతింది.

"నిన్నడగలేదమ్మా," అన్నాడాయన, అటు చూడకుండానే. "ఏమ్మా బగీలా, ఏమిటిది?"

అచ్చు పొరపాటేనంటే సరిపోయేది. హాలంతా నమ్మేది. కానీ అడుగుతున్నది ఆయన. ఐదో క్లాసులో కాపీ కొట్టిన వ్యాసం ఆమె చేతే చించించిన మనిషి.

"పూర్తి కాలేదు మాస్టారూ. ఇంకా ఎనిమిది పేజీలు రాయాలి. ఎల్లుండి తొమ్మిదింటి దాకా గడువు."

ముందు వరసలో ఎవరో మిఠాయిల పళ్ళెం కింద పెట్టారు. ఆ చప్పుడు హాలు చివరిదాకా వినిపించింది.

"నిలబడని బిడ్డకి తాడు కట్టి నన్ను కోయమంటారా? నేను కొయ్యను," అని మాస్టారు కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

ఒరిన్‌కుల్ మొహం సున్నం కొట్టినట్టయింది. కోయడానికి తెచ్చిన తాడు కోయకుండా వెనక్కి పోతే ఆ పుస్తకానికి దారి మూసుకున్నట్టే లెక్క. వచ్చిన వాళ్ళందరికీ ఆ లెక్క తెలుసు. వెనక వరసల్లో గుసగుస మొదలైంది.

బగీలా బల్ల దగ్గరకెళ్ళి పుస్తకం చుట్టూ ఉన్న తాడు విప్పింది. కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి ముందుకు చాపింది.

"అత్తయ్యా, నాకు కట్టండి."

"నీకు మతి పోయిందా అమ్మాయ్? నలభై మూడేళ్ళొచ్చాయి!"

"ఆలస్యంగా నడక నేర్చానని అనుకోండి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఒరిన్‌కుల్ గొణుక్కుంటూ మోకాళ్ళ మీద కూర్చుని, కోపమంతా ముడిలో వేసి కట్టింది. మాస్టారు కోడల్ని, అత్తని మార్చి మార్చి చూశాడు.

"కోస్తే ఎక్కడికి పరిగెత్తుతావు?"

"ఇంటికి. విందుకు ఉండను మాస్టారూ, ఏమీ అనుకోకండి."

"అనుకుంటాను. అయినా వెళ్ళు," అని ఆయన వంగి, కత్తెర ఆడించాడు.

ఆడవాళ్ళు శుభమని గుప్పెళ్ళతో మిఠాయిలు విసిరారు. వంకీల జుట్టు ఎగురుతుండగా బగీలా తెల్ల గుడ్డ మీంచి నిజంగానే పరిగెత్తింది.

అదే పొరపాటైంది. ఆ పరుగు వీడియో తెల్లారేసరికి దేశమంతా చూసింది. ఆదివారం ఎనిమిదింటి నుంచే ఇంటికి జనం. ఇంటికొచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపేది ఎలాగూ లేదు, కూర్చున్నవాళ్ళు ఇంటామెను చూడకుండా లేవరు. ఒరిన్‌కుల్ రెండు క్షణాలు ఆలోచించి, కోడల్ని పెరట్లో స్నానాల గదిలోకి తోసి, బయట తాళం వేసి, తాళంచెవి మెళ్ళో వేసుకుంది.

"కొండల్లోకి వెళ్ళింది," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. "రొట్టె తినండి."

లోపల చల్లారిన పొయ్యి పక్కన బోర్లించిన బకెట్టు మీద బగీలా రాసుకుంటోంది. ఐదు పేజీలయ్యాయి. ఆరోది సగంలో ఉండగా తలుపవతల అడుగులు వినబడ్డాయి.

"ఆల్మటీ నుంచి టీవీ వాళ్ళొచ్చారు అత్తా," జనెర్కె గొంతు. "ఐదే ఐదు నిమిషాలు."

"కొండల్లోకి వెళ్ళిందంటే నీకు వినబడదా?"

"మరి ఈ చెప్పులెవరివి?" కొత్త మగ గొంతు. "నిన్న వీడియోలో ఇవే కదా వేసుకుంది? ఎర్ర పువ్వులున్నవి?"

బగీలా పెన్ను గాల్లో ఆగిపోయింది. చెప్పులు గుమ్మం బయట విడిచింది. అలవాటు. తలుపు తెరిస్తే ఐదు నిమిషాలంటారు, తరవాత టీ అంటారు, ఫోటోలంటారు. వచ్చే రైలు ఇదొక్కటే. ఊపిరి బిగబట్టి కూర్చుంది.

జనెర్కెకు టీవీ అంటే ఎంత మోజో బగీలాకు తెలుసు. మూడు నెలలుగా దాని వెంటే పడింది.

"అవి నావి," అంది జనెర్కె చివరికి. "కొత్త బూట్లు కరుస్తున్నాయని నిన్న అక్క దగ్గర తీసుకున్నా."

ఏదో లాగిన చప్పుడైంది. బూట్లు విప్పి, చెప్పుల్లోకి కాళ్ళు దూర్చినట్టుంది. బగీలా పాదం తన పాదం కన్నా రెండు సైజులు చిన్నదని ఆ పిల్లకి తెలుసు. మడమలు బయటకు వేలాడుతుండగా, టప టపా నడుచుకుంటూ టీవీ వాళ్ళని విందు గదిలోకి తీసుకుపోయింది.

సోమవారం ఎనిమిది యాభైకి అచ్చాఫీసు గేటు దగ్గర బగీలా కాగితాల కట్ట జనెర్కె చేతిలో పెట్టింది. ఆ పిల్ల రెండు మడమలకూ ప్లాస్టర్లు.

"ఇంతకీ ఎక్కిందా అక్కా, ఆవిడ రైలు?"

"అచ్చయ్యాక కొనుక్కుని చదువు."

జనెర్కె నాలుక కరుచుకుంది. "అయ్యో, ఈ మాట వీడియో తీయాల్సింది."