నూట నలభై మూడో పూస

పాలు పొంగేలోపు పదకొండు వరుసలు చూడగలను. కుదిరిన రోజున పన్నెండు. స్టవ్ పక్కన గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక కన్ను గిన్నె మీద, ఒక కన్ను తెర మీద వేసి, తొమ్మిదేళ్ళుగా ఇదే లెక్క. "పాలు మాడబెట్టే చదువు నీది, అమ్మాయ్" అంటారు మా అత్తయ్య. నిజానికి ఈ తొమ్మిదేళ్ళలో మాడింది రెండుసార్లే. ఆ రెండూ ఆవిడకు తేదీలతో సహా గుర్తు.

ఆ వరుసలేమిటో చెప్పాలి. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. దండలో ఒక్కో పూసను మా రంగంలోవాళ్ళు రెసిడ్యూ అంటారు. నాకు పూస అనడమే అలవాటు. దండ చాచినట్టు ఉండదు, తనలో తాను ముడుచుకుని ఉండ చుట్టుకుంటుంది. అప్పుడు ఎక్కడో మొదట ఉన్న పూసా, ఎక్కడో చివరన ఉన్న పూసా వచ్చి ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ తాకిళ్ళ మీదే ఉండ నిలబడుతుంది. ఏ పూసకు ఏ పూస ఎంత దూరమో ప్రోగ్రాం లెక్కగట్టి వరుసలుగా ఇస్తుంది. కానీ నిజంగా పట్టుకుని ఉన్నాయా, ఊరికే ఎదురుబొదురుగా నిలబడ్డాయా అన్నది మనిషే కళ్ళతో చూసి గుర్తు పెట్టాలి. దండలో పక్కపక్కనున్న పూసల్ని మాత్రం అసలు లెక్కలోకే తీసుకోరు. దారం కట్టిపడేసింది కాబట్టి దగ్గరున్నాయి, అందులో చూడ్డానికేముంది అని. ఈ నియమం మొదటిసారి చదివినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పరీక్షకు వస్తుందని కింద గీత గీసుకున్నానంతే.

మా ఆయన ఈ పని మీదే ప్రొఫెసరు. ఒకే ల్యాబ్‌లో చదువుకున్నాం, ఆయన నాకన్నా రెండేళ్ళు ముందు. నా పరిశోధన సగంలో ఉండగా కడుపుతో ఉన్నాను. "ఒక్క ఏడాది ఆగితే కొంప మునగదు కదా" అన్నారు. నిజమే, కొంప మునగలేదు. ఆ ఏడాదికి ఇప్పుడు పదకొండేళ్ళు. దాన్ని ఇంట్లో పిచ్చుక అని పిలుస్తాం, రోజూ పొద్దున్నే రెండు జడలు వేయాలి. పిచ్చుకకు రెండేళ్ళు వచ్చాక ఒకరోజు ఆయన, "ఊరికే కూచుంటే బుర్ర తుప్పు పడుతుంది, ఇవి కాస్త చూసిపెట్టు" అని మొదటి ఫైలు ఇచ్చారు. చీర తెచ్చినంత సంబరపడ్డాను. చీర తెచ్చినా అంత పడేదాన్ని కాదేమో. "మా ఆవిడకు ఇదొక కాలక్షేపం" అని ఆయన స్నేహితులతో అంటుంటే, పోనీలే, కాలక్షేపం చేయనిస్తున్నారు అనుకునేదాన్ని.

మూడేళ్ళ కిందట ఆయన ఒక ప్రొటీన్ దగ్గర ఇరుక్కుపోయారు. దానిలో ముప్ఫై ఒకటో పూస మారితే ఉండ మొత్తం విచ్చిపోతుంది. ఆ పూస మారి పుట్టిన పిల్లలు నడక నేర్చుకోకముందే కండలు కరిగిపోయి మంచాన పడతారు. ఎందుకు విచ్చిపోతుందో తెలియదు. వరుసల్లో చూస్తే ముప్ఫై ఒకటి చెప్పుకోదగ్గ దేన్నీ తాకడం లేదు. రెండేళ్ళు తల బద్దలు కొట్టుకున్నారు. ఒకరోజు నేను వరుసలు పక్కనపెట్టి అసలు ఫైలే మొదటినుంచీ చదివాను. కొన్ని పూసలు ఒకచోట కుదురుగా ఉండవు. సగం ఇక్కడ, సగం అక్కడ కనిపిస్తాయి. ఫైల్లో రెండు చోట్లూ రాసే ఉంటాయి. మావాళ్ళ ప్రోగ్రాం మొదటి చోటు తీసుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. ఎవరో ఎప్పుడో అలా రాసిపెట్టారు, ఎవరూ తిరిగి చూడలేదు. నూట నలభై మూడో పూస అలాంటిది. రెండో చోట ఉన్నప్పుడు అది చెయ్యి చాపి ముప్ఫై ఒకటిని గట్టిగా పట్టుకుని ఉంది. నాకే ఎందుకు కనిపించిందంటే చెప్పలేను. సగం సగంగా రెండు చోట్ల ఉండడం ఏమిటో నాకు ఒకరు నేర్పక్కర్లేదు.

తడిచేతులతో పరిగెత్తాను. ఆయన గడ్డం గీసుకుంటున్నారు. సగం ముఖం నురగతో వచ్చి తెర ముందు కూలబడ్డారు. "మళ్ళీ తిప్పు. ఇటు తిప్పు. ఓరి నాయనో!" అన్నారు. నురగ కీబోర్డు మీద పడింది. ఆ పది నిమిషాలూ మళ్ళీ పాత ల్యాబ్‌లో పక్కపక్క స్టూళ్ళ మీద కూచున్నట్టే ఉంది. నా జీవితంలో దాచుకోదగ్గ పది నిమిషాలు అవి. అందుకే ఆ తరవాత జరిగినవి ఎక్కువ బాధపెట్టాయి.

ఆయన దాని మీద ఒక జర్నల్‌కి పేపరు రాశారు. "నీ పేరు పెట్టొచ్చనుకో. కానీ పెళ్ళాం పేరు ఇరికించాడంటారు. నీకే చిన్నతనం" అన్నారు. చివర్లో కృతజ్ఞతల దగ్గర 'ఓపికతో సహకరించిన కుటుంబానికి' అని ఒక ముక్క పెట్టారు. ఆ కుటుంబంలో అత్తయ్యా, పిచ్చుకా, నేనూ ఉన్నాం. పేపరు పంపిన వారం ల్యాబ్ వాళ్ళను భోజనానికి పిలిచారు. ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి అడిగింది. "సార్, ఆ రెండో చోటు చూడాలని మీకెలా తట్టింది సార్?"

"చూస్తూ ఉండాలమ్మా, కనిపిస్తుంది" అన్నారాయన, గ్లాసు నా వైపు జరుపుతూ. నేను నీళ్ళు పోశాను.

పిచ్చుక అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "అది అమ్మ కదా చెప్పింది?"

టేబుల్ దగ్గర అందరూ నవ్వారు. "అమ్మ అంకెలు చదివిపెట్టింది తల్లీ" అన్నారాయన. పిచ్చుక ఆయన్ని చూడలేదు, నన్నే చూసింది. నేను, "నాన్న చెప్తుంటే విన్నానే, నువ్వు తిను" అన్నాను. ఆయన అన్న మాట మర్చిపోగలను. నేనన్న మాటే మర్చిపోలేను. ఆ రోజునుంచీ పిచ్చుక తన లెక్కల పుస్తకం నా దగ్గరికి తేవడం మానేసి నాన్న దగ్గరికి తీసుకెళ్తోంది.

ఇవాళ ఆదివారం. పేపరు చదివి తీర్పు చెప్పేవాళ్ళు, వాళ్ళ పేర్లు మనకు చెప్పరు, ప్రశ్నలు పంపారు. మా ఆయన కారు సర్వీసింగుకి ఇవ్వడానికి బయల్దేరుతూ తాళాలు వెతుక్కుంటున్నారు.

"ఏమోయ్, మూడో ప్రశ్నకి నువ్వు జవాబు రాసిపెట్టు. ఒక పేరా చాలు."

మూడో ప్రశ్న ఇది. చేత్తో గుర్తు పెట్టిన తాకిళ్ళను ఇద్దరు మనుషులు విడివిడిగా చూడడం ఈ పనిలో ఆచారం. మీరు ఇద్దరు చూశారని రాశారు. ఎవరు చూశారు? ఎన్నిచోట్ల తేడా వచ్చింది?

"నేనూ, మా స్టూడెంటూ అని రాయి. తేడాలు ఓ పది పన్నెండని వెయ్యి."

"మీరు చూశారా?"

"అబ్బా, నువ్వు చూస్తే నేను చూసినట్టు కాదా?" నవ్వుతూనే అన్నారు. ఇరవై నాలుగేళ్ళప్పుడు ఈ మాటే అని ఉంటే కరిగిపోయేదాన్ని. తాళాలు ఫ్రిజ్ మీద దొరికాయి. తలుపు పడింది.

స్టవ్ మీద పాలు పెట్టి, ల్యాప్‌టాప్ తీసుకుని హాల్లో కూచున్నాను. అత్తయ్య బఠానీలు ఒలుస్తూ అన్నారు. "మీ మామయ్య ఉపన్యాసాలన్నీ నేనే సాపు రాసేదాన్ని. తప్పులు దిద్ది మరీ. చప్పట్లు కొట్టిన చోట్లు సగం నావే."

పదమూడేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకు తెలియదు. "ఎవరికీ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎవరడిగారు?" అన్నారావిడ, ఒక పుచ్చు గింజను పక్కకు తీసిపెడుతూ.

ఎవరూ అడగలేదు. నన్నైతే ఇద్దరు అడిగారు. మొహం తెలియని మనిషి ఒకరు, ఎవరు చూశారని. అంతకుముందు నా కూతురు. ఒకరికి అబద్ధం చెప్పేశాను. రెండోవారికి చెప్పమంటున్నారు. నిజం రాస్తే పేపరు వెనక్కి రావచ్చు. పాపం ల్యాబ్‌లో ఆ అమ్మాయి డిగ్రీ దీని మీదే ఉంది. మళ్ళీ ఎవరైనా మొదటినుంచీ చూడాలి, ఆర్నెల్లు పడుతుంది. ఆయన వచ్చి ఈ జవాబు చదివి కొట్టేయొచ్చు కూడా, పది క్షణాల పని. ఇవన్నీ నాకు తెలుసు. ఒక పేరా అన్నారు గానీ నాకు రెండు వాక్యాలే వచ్చాయి.

"పిచ్చుకా, ఇలా రా. ఇది చదువు."

చేతిలో బొమ్మల పుస్తకంతో వచ్చింది. వాళ్ళ స్కూల్లో పాఠం చదివినట్టు పైకి చదివింది.

"'ఇద్దరు చూడలేదు, ఒక్కరే చూశారు. నూట నలభై మూడో పూస రెండో చోటును కనిపెట్టిందీ, ఈ జవాబు రాస్తున్నదీ ఆవిడే.'" చదివి ఆగింది. మళ్ళీ మనసులో చదువుకుంది. "మరి ఆ రోజు నాన్న చెప్తుంటే విన్నానన్నావు?"

వంటింట్లోంచి మాడువాసన మొదలైంది. అత్తయ్య బఠానీల పళ్ళెం కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచారు. వెళ్ళి స్టవ్ ఆపారు. కారు సర్వీసింగులో వదిలేశారు కాబట్టి ఆయన నడిచే వస్తారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

"ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను" అన్నాను.