మంచు లొంగడానికి పట్టిన ఇరవై ఎనిమిది గంటలు

ఆ ఉదయం ఆకాశం కడిగి బోర్లించిన సత్తుగిన్నెలా ఉంది. ఎక్కడా మబ్బు లేదు. సముద్రం మీది తెల్లటి వెలుతురు మాత్రం పరిశోధనశాల కిటికీదాకా వచ్చింది.

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. మూరెడు పొడవు, మందపాటి గోడలు, నడుమ చిన్న బోలు. ఆ బోలులో బొటనవేలంత మంచుముక్కను నిలబెట్టి, దాని చుట్టూ వాయువును గట్టిగా కూరి, బయట చలి పట్టించి, పైనుంచి మరతో నొక్కుతారు.

అంతకుముందు ఓ పాత ఓడ ఇరుసులో ముక్కగా ఉండేదాన్ని. ఓడను విరగ్గొట్టాక విశాఖపట్నంలో సింహాచలం అనే లేతు మేస్త్రి నన్ను పదకొండు రోజులు చెక్కాడు. లోపల గీత తగిలితే మళ్ళీ లేతుకు బిగించేవాడు. వాళ్ళింటి తలుపు గొళ్ళెం ఊడి మూడేళ్ళయిందట. మనుషులు అంతే. తర్వాత ఓ పెద్ద ప్రొఫెసరుగారు నన్ను నాలుగేళ్ళు కాగితాల మీద బరువుగా పెట్టుకున్నారు. ఆయన రిటైరయ్యాక ఇక్కడ మంచు మీద పరిశోధన చేసే వైదేహి చేతికొచ్చాను.

శనిగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో కొన్నింటి పైపొర మైళ్ళకొద్దీ మంచేనట. అంత చలిలో, అంత బరువు కింద, అడుగునున్న మంచు పగులుతుందా, మెల్లగా జరుగుతుందా? వైదేహికి అది తెలియాలి. ఐదు ముక్కలు పెట్టింది. ఐదూ టప్పున పగిలాయి. ఆ సంగతి ఆమె కంటే ముందు నా గోడలకే తెలిసేది.

చలి పట్టించే ద్రవ నైట్రోజన్ ఇక ఒక్క డ్రమ్ముంది. మంచుముక్కా ఒక్కటే. మర్నాడు మూడింటికి పైవాళ్ళు చూడటానికొస్తారు. చూపించడానికేమీ లేకపోతే ఈ గది వేరేవాళ్ళకిస్తారు. ఆమె నాలుగేళ్ళ పని అక్కడితో ఆగిపోతుంది.

నైట్రోజన్ పోసే మనిషి మైలపల్లి పోలయ్య. హార్బరు ఐసు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు చేసి వచ్చినవాడు. మాట తక్కువ. ఆ ఉదయం పగిలిన ముక్కల ఫొటోలు ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టాడు.

"మీరు దాన్ని నొక్కట్లేదమ్మా, కొడతన్నారు," అన్నాడు.

ఆమెకు కోపం వచ్చింది. నైట్రోజన్ ఆవిరైపోతుందని గంటలో తేల్చేయాలని చూసేది మరి. పోలయ్య నిదానంగా చెప్పుకొచ్చాడు. చేపల వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ కట్టేస్తారు, ఐసు అడిగేవాడుండడు. ఓ ఏడాది పొడుగాటి ఐసుదిమ్మొకటి రెండు దుంగల మీద ఉండిపోయింది, దానిమీద మిగతావి పేర్చారు. రెండు నెలల తర్వాత తీస్తే నడుమ నులకమంచంలా కుంగి ఉంది. పగులు లేదు. అదే దిమ్మను గునపంతో ఒక్కపోటు పొడిస్తే ముక్కలైంది.

"మీ ఫ్యాక్టరీ చలి వేరు. ఇది మైనస్ నూటపది. ఇక్కడ మంచు రాయి, పోలయ్యగారూ."

"రాయైతే ఇంకా ఎక్కువసేపు పట్టాలి గదమ్మా."

ఆమె కాగితం తీసుకుని లెక్క వేసింది. ఒలకకుండా కొంచెం కొంచెం పోస్తే డ్రమ్ము ముప్పై గంటలొస్తుంది. మర వేగాన్ని గంటకు నాలుగు వెంట్రుకల మందానికి తగ్గించింది. నిద్రను ఇద్దరూ వాటాలేసుకున్నారు.

ఆరో గంటకు నాలో టిక్కుమని చిన్న శబ్దమైంది. ఆమె ముఖం పాలిపోయింది. పోలయ్య చెయ్యి నైట్రోజన్ పోసే గరిటె మీదే ఆగింది. అది మంచు కాదు. చలికి నేనే ముడుచుకున్నాను. చెప్పే నోరు నాకు లేదు. మర మీటరు ముల్లు నిలకడగా కదులుతుండటం చూసి వాళ్ళే తేరుకున్నారు.

ఐదుసార్లు నా లోపల ఎదురు తిరిగిన మంచు ఈసారి ఎదురు తిరగలేదు. మంచులోని రవ్వలు ఒకదాని పక్కనుంచి ఒకటి జరిగాయి. తొందరపెట్టనివాడికి దారిచ్చినట్టు ఉంది.

ఇరవై ఎనిమిది గంటలయ్యాక, మర్నాడు మధ్యాహ్నం నన్ను విప్పారు. ముక్క పదోవంతు పొట్టిదైంది. నడుమ కుండలా ఉబ్బింది. ఆమె భూతద్దం పెట్టి చుట్టూ తిప్పి చూసింది. పగులు లేదు. మూడింటికి పైవాళ్ళకు చూపించడానికి కొలతలు రాసింది, ఫొటోలు తీసింది, అప్పుడు కూర్చుంది.

పోలయ్య క్యారియరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చలికి ఆమె వేళ్ళు మొద్దుబారి తన అన్నం డబ్బా మూత రాలేదు. ఆయన తీసి ఇచ్చాడు. నెత్తళ్ళ చేపల ఇగురు ఆమె వైపు జరిపాడు. ఆమె తన పెరుగన్నంలో సగం ఆయన క్యారియరు మూతలో పెట్టింది. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. పక్కన స్టీలు పళ్ళెంలో మంచు పొగలు కక్కి, తడిబారి, చివరికి దాని ఉబ్బిన నడుము కరిగి చదునైంది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు. అన్నం కలుపుకుంటున్నారు.