నవ్వే బొమ్మ నొక్కిన ఫోను

పొద్దున్నే ఇస్త్రీ ఆవిడ బల్ల మీద దుప్పటి పరిచి, చొక్కా మీద నీళ్లు చిలకరించి, తన ఫోనుతో రుద్దడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి పెట్టిన మెసేజ్‌కి సరైన జవాబు రాకపోతే ఆ ఫోను కాలుతుంది. కొన్నాళ్లుగా ఇస్త్రీపెట్టెతో పనే పడలేదు.

"మడత కత్తిలా ఉంది. ఇంకా పలకలేదా వాళ్లు?" అంది చీర కోసం వచ్చిన టీచరమ్మ.

"పలికారక్కా. 'మీ ఆరోగ్యమే మా ఆనందం' అట. వాళ్ల ఆనందం మండిపోనూ!"

గోడవారగా కూతురు పడుకుని ఉంది. ఫిట్స్‌కి కొత్త మందు మొదలుపెట్టాక ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఇవాళ పెదవులు కూడా వాచాయి. మందు ఆపితే ఫిట్స్ వస్తాయేమో, వేస్తే ఏమైపోతుందో. ఆసుపత్రికి ఎత్తుకెళ్తే, "యాప్‌లో రాయండమ్మా, పిలుపొస్తేనే లోపలికి" అని గేటు దగ్గరే ఆపేశారు. ఆమె మళ్లీ రాసింది. ఫోను కింద దుప్పటి మాడింది.

మధ్యాహ్నం బట్టల మూటలో డాక్టరు తెల్లకోటు వచ్చింది. పెట్టిన మెసేజ్‌లన్నీ పైకి చదువుతూ, పళ్లు కొరుకుతూ రుద్దింది. "దద్దుర్లు లేచాయండి." కుడి చెయ్యి. "పిల్ల నిద్రపోవడం లేదండి." ఎడమ చెయ్యి. "అసలు ఎవరైనా ఉన్నారా అండీ?" వీపు.

సాయంత్రం ఆ కోటు తొడుక్కున్న డాక్టరు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేం ఇస్త్రీ అమ్మా! వీపు కాలిపోతోంది, విప్పుదామంటే గుండీలు రావడం లేదు!"

ఆమె గోడవైపు చూపించింది. పాప పెదవులు చూసి అతని మొహం పాలిపోయింది.

"ఆ మందు ఇక ఒక్క చుక్క వెయ్యొద్దు. నాతో రండి, ఇప్పుడే వేరేది ఇవ్వాలి. ఇన్నాళ్లూ చెప్పకుండా ఎలా ఊరుకున్నారు?"

ఆమె ఫోను అతని చేతిలో పెట్టింది. అబ్బా అంటూ అతను దాన్ని రుమాల్లో పట్టుకుని చదివాడు.

"ప్రతిసారీ నవ్వే బొమ్మ నొక్కారు కదమ్మా. నవ్వితే బాగున్నట్టే లెక్క, ఆ మెసేజ్‌లు పక్కకెళ్లిపోతాయి, ఎవరూ చదవరు."

"ఏదో ఒక బొమ్మ నొక్కితే గానీ మీ యాపు రాయనివ్వదు. డాక్టరు గారిని పలకరిస్తూ ఏడుపు మొహం పెడతామా? మర్యాదకి నవ్వాం. కింద రాసింది చదవడానికి మీకేం రోగం?"

అతను పాపను ఎత్తుకున్నాడు. గుండీలు వాటంతటవే ఊడిపోయాయి.

పాప కోలుకుంది. ఫోను చల్లబడింది. ఆమె కోపం మాత్రం చల్లారలేదు. ఆసుపత్రి నుంచి జవాబు రాని వీధివాళ్లు తమ ఫోన్లను గుడ్డల్లో చుట్టుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టారు. టీచరమ్మ ఫోనులో షుగరు గోడు, పక్కింటి తాత ఫోనులో గుండె గోడు. ఒక్కోటీ నిప్పులా ఉంది.

మళ్లీ ఇస్త్రీకి వచ్చిన డాక్టరు కోటు తీసుకెళ్లడానికి ఆసుపత్రి మనిషి వచ్చాడు.

"ఈ ఒక్కటేం సరిపోతుంది?" అందామె కొంగు బిగిస్తూ. "అక్కడున్న కోట్లన్నీ పట్రా. డబ్బులొద్దులే."